సిద్ధప్ప ఆస్పత్రిలో చేరినాడా?

ఎమ్మిగనూరులో మగ్గాల వీధికి వెళ్ళి పద్మమ్మ ఇల్లెక్కడ అని అడిగితే, చూపించే ముందు ఎవరైనా సరే మీ ముఖంలోకి ఒకసారి జాలిగా చూస్తారు. ఆమెతో మీకేం గొడవ వచ్చిందో అని వాళ్ళ అనుమానం. పద్మమ్మకు కోపం ముక్కు మీద ఉంటుందని అంటారు గానీ అది నిజం కాదు. ముక్కు మీద కోపం వస్తుంది, పోతుంది. ఈమెది వచ్చిందంటే ఇంట్లో మనిషిలా ఉండిపోయే రకం. తన పెళ్ళిలో పుట్టింటివాళ్ళ విస్తళ్ళలో చారు పలచగా పోశాడని ఒక వంటవాడితో పదిహేనేళ్ళు మాట్లాడలేదు. వాడు పోయిన రోజు మాత్రం వెళ్ళి దండ వేసి వచ్చింది. "సచ్చినోనితో నాకేం పగ" అంది. బతికున్నవాళ్ళతోనే ఆమెకు పని.

అలాంటి మనిషితో ఆదోనిలో డాక్టరు దేవరాజు పెట్టుకున్నాడు. పాపం, పెట్టుకున్న సంగతి ఆయనకు తెలియను కూడా తెలియదు.

పద్మమ్మ మొగుడు సిద్ధప్ప గుంట మగ్గం మీద దుప్పట్లు, తువ్వాళ్ళు నేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆమె పొద్దున లేచింది మొదలు ఎవరినో ఒకరిని తిడుతూ నూలు కండెలు చుడుతుంటే, ఆయన మగ్గంలో నాడె అటూ ఇటూ ఆడిస్తూ నవ్వుకునేవాడు. ఆమె తిట్లు మరీ శ్రుతి మించితే మగ్గం ఆపి, "పద్మా, కొంచెం నీళ్ళు తాగి తిట్టు" అనేవాడు. ఆ మాటకు ఆమెకు నవ్వు వచ్చేసేది. ఆమె కోపానికి పగ్గం వేయగలిగినవాడు లోకంలో ఆయనొక్కడే.

ఆ ఏడు వానలు వెలిసిన తరువాత వీధిలో ఇంటింటికీ జ్వరం తిరిగింది. సిద్ధప్పకు కూడా తగులుకుంది. ఊళ్ళో సూది వేసే ఆయన రెండు రోజులు చూసి, రక్తంలో కణాలు పడిపోతున్నాయి, ఇది నా చేతిలో లేదు, ఆదోనికి తీసుకుపొమ్మన్నాడు. పద్మమ్మ మొగుణ్ణి ఆటోలో పడుకోబెట్టుకుని, తల ఒళ్ళో పెట్టుకుని ఆదోనికి తీసుకుపోయింది. ఎవరో డాక్టరు దేవరాజుగారి మూడంతస్తుల ఆస్పత్రికి పొమ్మన్నారు. గేటు పక్కన పెద్ద బోర్డు ఉంది. ఇక్కడ చేరిన వందమందిలో తొంభై తొమ్మిది మంది నవ్వుతూ ఇంటికి వెళ్ళారని దాని మీద రాసి ఉంది. అది చదివాక ఆమె ప్రాణం కుదుటపడింది.

కింద ముందు హాల్లో ఆరు ఇనుప మంచాలు. కిటికీ పక్క మంచం మీద సిద్ధప్పను పడుకోబెట్టి సెలైను ఎక్కించారు. నర్సులు వచ్చారు, రక్తం తీసుకున్నారు, సూదులు వేశారు. పద్మమ్మ కనబడ్డ తెల్లకోటునల్లా ఆపి, "ఎప్పుడు చేర్చుకుంటారు సార్?" అని అడిగింది. చేర్చుకోవడం అంటే పైన గదిలో మంచం ఇవ్వడమని అప్పటికే ఆమెకు అర్థమైంది.

"పరిశీలనలో పెట్టినాం లేమ్మా. చూస్తాండాం" అన్నారు.

రెండు రాత్రులు అలా చూస్తూనే ఉన్నారు. మూడో రోజు మధ్యాహ్నం సిద్ధప్ప నీళ్ళు అడిగాడు. ఆమె గ్లాసుతో తిరిగి వచ్చేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు.

కబురు విని వీధి మగవాళ్ళు నలుగురు వచ్చారు. వాళ్ళలో పక్కింటి గోవిందన్న కొంచెం మాటకారి. ఏం మందులిచ్చారు, పైకి ఎందుకు తీసుకుపోలేదు అని గట్టిగానే అడిగాడు. డాక్టరు దేవరాజు మెట్లు దిగి వచ్చాడు. తెల్లగా, పొడుగ్గా, చేతులు తుడుచుకుంటూ, నెమ్మదైన గొంతుతో ఒకే మాట చెప్పాడు.

"ఈయన మా ఆస్పత్రిలో చేరలేదండీ. వచ్చినాడు, చూసినాం. అవుట్ పేషెంటు."

"రెండు రాత్రులు ఈ మంచం మీదనే పండుకున్యాడు కదా సార్!" అంది పద్మమ్మ.

"మంచం మీద పడుకున్నోళ్ళంతా చేరినట్టు కాదమ్మా."

అని, చెయ్యి తుడుచుకున్న గుడ్డను నర్సుకు ఇచ్చి పైకి వెళ్ళిపోయాడు. ఆయనకు అది రోజూ చెప్పే మాట. పద్మమ్మకు మాత్రం అది గుండెలో దిగబడింది. మనిషి పోయాడన్న దుఃఖం ఒకెత్తు, ఆ మనిషి అక్కడికి రానేలేదన్నట్టు మాట్లాడటం మరొకెత్తు.

అంతటితో అయిపోయి ఉంటే ఈ కథ లేదు. ఇంట్లో అత్త ఉంది. తాయమ్మ.

తాయమ్మకు సిద్ధప్ప ఒక్కడే కొడుకు. శవం ముందు కూర్చుని గుండెలు బాదుకుంటూ ఆమె అన్న మొదటి మాట, "నా కొడుకును ఆస్పత్రిలో చేర్పించనన్నా చేర్పించల్యా ఇది!" అని. డాక్టరు చేరలేదన్నాడని వచ్చినవాళ్ళు చెప్పనే చెప్పారు. దినాలకు వచ్చిన ప్రతి చుట్టానికీ తాయమ్మ అదే అప్పజెప్పింది. బెంచీ మీద పండబెట్టి సంపుకుంది, చేర్పించడానికి చేతులు రాల్యా అంది. చుట్టాలు పద్మమ్మ వైపు ఓరగా చూసి, మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

వీధి కూడా తాయమ్మ మాటే నమ్మింది. దానికి మరో కారణం ఉంది. మగ్గాల వీధిలో ఎవరైనా ఆస్పత్రిలో చేరితే మగ్గం మీద తెల్లగుడ్డ కప్పి, పసుపు కుంకుమ పెట్టి, మనిషి తిరిగి వచ్చేదాకా నాడె ముట్టరు. ఫలానావాళ్ళు మగ్గం కప్పుకున్నారంటే ఆస్పత్రిలో ఉన్నారని అర్థం. సిద్ధప్ప ఆదోనిలో ఉన్న ఆ రెండు రోజులూ ఆ ఇంటి మగ్గం టకటకా ఆడుతూనే ఉంది. ఎవరి పెళ్ళికో ఒప్పుకున్న తువ్వాళ్ళు మిగిలాయని తాయమ్మే గోవిందన్నను పిలిచి మగ్గం మీద కూర్చోబెట్టింది. కొడుకు రేపో ఎల్లుండో వచ్చేస్తాడనుకుంది. మగ్గం కప్పలేదు కాబట్టి వీధి లెక్కలో సిద్ధప్ప ఆస్పత్రిలో చేరనట్టే. డాక్టరు మాటా వీధి మాటా ఒకటైపోయాయి. మధ్యలో పద్మమ్మ ఒక్కతే అబద్ధమైంది.

పదకొండో నాడు కర్మ ముగిశాక గోవిందన్న ఆమెను ఓదార్చబోయాడు.

"పోనీలే చెల్లీ. వాళ్ళతో మనమేం కొట్లాడగలం?"

"కొట్లాడను గోవిందన్నా. ఆ డాక్టరు నోటితోనే సెప్పిస్తా, నా మొగుడు ఆస్పత్రిలో చేరినాడని. నలుగురిలో సెప్పిస్తా. ఈ ముసిల్ది వింటాండగా సెప్పిస్తా. అంతవరకు నాకు ఏడుపు కూడా వద్దు" అంది పద్మమ్మ.

నిజంగానే ఆ తరువాత ఆమె ఏడవలేదు. పోలీసు స్టేషనుకు వెళితే చేరినట్టు ఆధారం ఏముందని అడిగారు. ఆమె పళ్ళు కొరుక్కుని బయటికి వచ్చింది. వాళ్ళ మీద కూడా కోపం పెట్టుకుందామనుకుంది గానీ, ఒకేసారి ఇంతమందిని మోయలేక మానుకుంది.

ఏడాది తిరిగేసరికి ఆమె ఆ మూడంతస్తుల ఆస్పత్రిలోనే ఆయాగా చేరింది. రోజూ పొద్దున్నే ఎమ్మిగనూరులో బస్సెక్కి ఆదోనిలో దిగేది. మొదటిరోజు డాక్టరు దేవరాజు ముందు నిలబడినప్పుడు, గుర్తుపట్టి గెంటేస్తాడని భయపడింది. ఆయన తలెత్తి ఆమె ముఖంలోకే చూశాడు.

"ఏ ఊరు?"

"ఎమ్మిగనూరు సార్."

"హాలు శుభ్రంగా ఉండాల" అన్నాడు.

అంతే. ఆమె మొగుడు పోయిన హాల్లో నిలబెట్టి, ఆమె చేతికే చీపురు ఇచ్చి, ఆమె ఎవరో ఆయనకు తెలియలేదు. గుర్తుపట్టి తిట్టి ఉంటే ఆమెకు కొంత చల్లారేదేమో. గుర్తుపట్టకపోవడంతో మంట రెండింతలైంది.

హాలు ఊడుస్తూ, తుడుస్తూ, వాంతులు కడుగుతూ పద్మమ్మ ఆ ఆస్పత్రి గుట్టు తెలుసుకుంది. గుట్టు అంటే దాచిపెట్టిందేమీ కాదు, కళ్ళున్నవాళ్ళకు రోజూ కనబడేదే. నడిచి ఇంటికి పోతాడని నమ్మకం ఉన్న రోగికి పైన మంచం. ఏమో అన్న రోగికి కింద హాలు. హాల్లో ఉన్నవాడు తేరుకుంటే అప్పుడు పైకి తీసుకుపోయి చేర్చుకున్నామంటారు. తేరుకోకపోతే కర్నూలుకు పొమ్మంటారు. కర్నూలుకు పోయే వ్యవధి కూడా లేనివాళ్ళు సిద్ధప్పలా అవుట్ పేషెంట్లుగానే కన్నుమూస్తారు. ఇలా చేర్చుకుంటే వందకు తొంభై తొమ్మిది మంది కాదు, నూరుమందీ నవ్వుతూనే పోతారు. గేటు పక్కన బోర్డులో ఒక్క అక్షరం అబద్ధం లేదు, అదే దాని దుర్మార్గం.

ఒకసారి డాక్టరు దేవరాజుకే జ్వరం తగులుకుంది. ఆయనకు పరిశీలనా లేదు, హాలూ లేదు. నేరుగా పై అంతస్తులో చల్లగదిలో మంచం. పద్మమ్మ గది తుడవడానికి వెళ్ళింది. నర్సు బయటికి వెళ్ళింది. డాక్టరు నోరు తెరిచి నిద్రపోతున్నాడు. చేతికి సెలైను గొట్టం. ఆమె తుడవడం ఆపి చాలాసేపు ఆ గొట్టాన్నే చూసింది. మంచం దగ్గరికి వెళ్ళింది. చెయ్యి కూడా చాపింది. ఆమె మంచిదని, పాపభీతి ఉందని నేను చెప్పను. ఆ క్షణాన ఆమెకు అడ్డొచ్చింది ఒకే ఒక్క ఆలోచన. నువ్వు సస్తే ఆ మాట ఎవరు సెప్తారు? బతుకు, బాగా బతుకు, నీ నోరు నాకు కావాల అనుకుంది. అనుకుని, జారిపోయిన దుప్పటిని ఆయన కాళ్ళ మీదికి లాగి కప్పింది.

ఇలా రెండేళ్ళు గడిచాక ఆమె ఎదురుచూసిన గాలి, ఆమె ఎదురుచూడని వైపు నుంచి వచ్చింది.

ప్రభుత్వం డబ్బు కట్టి పేదవాళ్ళకు వైద్యం చేయించే పథకంలో తన ఆస్పత్రిని చేర్పించాలని డాక్టరు దేవరాజు దరఖాస్తు పెట్టాడు. జిల్లా నుంచి వచ్చినవాళ్ళు ఒక చిన్న ప్రశ్న అడిగారు. మీ గడప తొక్కినవాళ్ళలో నూటికి ఎంతమందిని చేర్చుకుంటున్నారు? చూస్తే ముగ్గురు కూడా లేరు. ఇది మంచాలున్న ఆస్పత్రా, చీటీ రాసి పంపించే కొట్టా అని వాళ్ళకు అనుమానం వచ్చింది. ఇంత తక్కువైతే పథకం ఇవ్వడం కుదరదన్నారు.

మర్నాడు డాక్టరు నర్సులను, ఆయాలను హాల్లో వరసగా నిలబెట్టాడు.

"ఎవరొచ్చి అడిగినా ఒకటే మాట. ఈ హాల్లో ఒక్క రాత్రి ఉన్నా సరే, వాళ్ళు మన దగ్గర చేరినోళ్ళే. తెలిసిందా?"

అందరూ తలూపారు. పద్మమ్మ కూడా ఊపింది. చేతిలో తడిగుడ్డను బొట్టు లేకుండా పిండింది. సంతోషమో కోపమో ఆమెకే తెలియలేదు. చేరలేదని చెప్పిన నోరే ఇప్పుడు చేరినారని చెప్పమంటోంది. ఆనాడు చేర్చుకుంటే పేరు పోతుంది, ఈనాడు చేర్చుకోకపోతే పథకం పోతుంది. మనిషి అదే, మంచం అదే, మాట మాత్రం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది.

డాక్టరు చెప్పింది నిజమో కాదో తేల్చడానికి జిల్లా నుంచి నందిని అనే అమ్మాయిని పంపించారు. ముప్పై కూడా నిండని పిల్ల, లెక్కల చదువు చదివింది. మాట నెమ్మది, పట్టు ఎక్కువ. బాగై వెళ్ళిన రోగుల పేర్లూ ఫోన్ నంబర్లూ డాక్టరు తనే ఏరి ఇచ్చాడు. ఆమె తీసుకుని, థాంక్స్ చెప్పి, వాటిని వదిలేసింది. ఆ ఆస్పత్రికి ఎక్కువమంది వచ్చే వీధుల్లో ఇంటింటికీ తిరిగి తనే అడుగుతానంది. అలా మగ్గాల వీధికి వచ్చింది.

ఆ సాయంత్రం పద్మమ్మ బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి నందిని గోవిందన్న అరుగు మీద కూర్చుని నుదురు రుద్దుకుంటోంది. వీధి అంతా తిరిగిందట. ఆస్పత్రిలో చేరినారా అని అడిగితే ప్రతి ఇంట్లోనూ లేదంటే లేదన్నారట. ఒక్కరు కూడా చేరలేదట.

సంగతి విన్న పద్మమ్మకు మొదట నవ్వు ఆగలేదు. వెనక్కి తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఎవరూ మగ్గం కప్పుకోలేదు మరి. జ్వరమొచ్చి హాల్లో రెండు రోజులు పడుకున్నా, ఇంట్లో తమ్ముడో పెళ్ళామో మగ్గం మీద కూర్చుంటే వీళ్ళకది చేరడమే కాదు. తను నోరు మూసుకుని ఇంట్లోకి పోతే చాలు. డాక్టరు మాట అబద్ధమవుతుంది, పథకం పోతుంది. వేలు కూడా కదపకుండా పగ తీరుతుంది. ఆ రాత్రికి బొబ్బట్లు చేసుకుని తినాలన్నంత సంతోషం వేసింది ఆమెకు.

అప్పుడే నందిని లేచి పద్మమ్మవాళ్ళ గడప దగ్గరికి వచ్చింది. వాకిట్లో తాయమ్మ కూర్చుని ఉంది.

"అవ్వా, మీ ఇంట్లో ఎవరైనా ఆదోని ఆస్పత్రికి పోయినారా?"

"పోయినాడమ్మా నా కొడుకు. పోయినాడు గానీ, చేరల్యా. నా కోడలు చేర్పించల్యా" అంది తాయమ్మ.

మూడేళ్ళు దాటింది. అడిగింది ఎవరో, ఏ ఊరో కూడా తెలియదు. అయినా అదే మాట, అదే గొంతు. పద్మమ్మ నవ్వు నోట్లోనే చచ్చిపోయింది. తను మౌనంగా ఉంటే డాక్టరు నష్టపోతాడు, నిజమే. కానీ సిద్ధప్ప ఎప్పటికీ చేరనివాడిగానే ఉంటాడు. ఈ ముసలిది చచ్చేదాకా వచ్చేపోయేవాళ్ళకు ఇదే చెబుతుంది. ఒక పగ తీరడానికి రెండో పగను వదులుకోవాలా? పద్మమ్మ ఏ పగనూ వదులుకునే మనిషి కాదు.

నందిని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది.

"పాపా, నువ్వట్ల అడిగితే మా వీధిలో చేరినోడు ఒక్కడూ దొరకడు. మాకు చేరడమంటే మగ్గం కప్పడం. ఆస్పత్రి మంచం మీద తెల్లవార్లూ ఉన్యారా, సూది గుచ్చినారా, అట్ల అడుగు."

నందిని ఆమె వైపు ఆశ్చర్యంగా చూసింది. తరువాత హాయిగా నవ్వింది. "అందుకేనా అక్కా! పొద్దుట్నుంచి మొత్తుకుంటాండాను, ఇంతమంది నాకెందుకు అబద్ధం చెప్తాండారా అని."

మళ్ళీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి ఇద్దరూ కలిసి తిరిగారు. ప్రశ్న మార్చగానే జవాబులు మారిపోయాయి. ఉన్నాం, రాత్రంతా ఉన్నాం, సెలైను ఎక్కించినారు, దోమలు పీక్కుతిన్నాయి అని వద్దన్నా చెప్పుకున్నారు.

"ఒక మాట పాపా. బతికినోళ్ళు సెప్తారు. పోయినోళ్ళను ఎవరడుగుతారు?" అంది పద్మమ్మ దారిలో.

"వాళ్ళ గురించి ఇంట్లోవాళ్ళను అడుగుతా. బతికినోళ్ళను మాత్రమే అడిగితే ఏ ఆస్పత్రైనా బంగారమే కదా అక్కా. డాక్టరు నాకిచ్చిన పేర్లన్నీ బతికినోళ్ళవే" అంది నందిని.

పద్మమ్మకు ఆ పిల్లను కడుపులో పెట్టుకోవాలనిపించింది. సిద్ధప్ప పేరు చెప్పి, ఆ శుక్రవారం ఆస్పత్రిలో పై అధికారి ముందు డాక్టరు మాట చెప్పాల్సి ఉందని తెలుసుకుంది.

శుక్రవారం పొద్దున అత్తతో, "నీ మోకాళ్ళు సూపిద్దాం పద" అంది.

తాయమ్మ అనుమానంగా చూసింది. కోడలు తన మోకాళ్ళ గురించి అడగడం ఆమెకు కొత్త. "ఏం, నన్ను కూడా బెంచీ మీద పండబెడతావా?" అంది. అంటూనే కొత్త చీర కట్టుకుంది. గోవిందన్న, మరి నలుగురు వీధివాళ్ళు నందిని పిలుపు మీద వెనకాలే వచ్చారు.

ముందు హాల్లో కుర్చీలు వేశారు. పై అధికారి భీమరావు పెద్దవాడు, రిటైరయ్యే వయసు. కళ్ళజోడు తుడుచుకుని డాక్టరు వైపు తిరిగాడు.

"చూడండి దేవరాజుగారూ, ఎవరిని చేరినట్టు అనుకోవాలో ముందు తేలాల. ఈ హాల్లో పడుకున్నవాళ్ళు చేరినట్టా, కానట్టా? ఒకసారి చెప్పినాక మార్చేది లేదు."

"చేరినట్టే సార్. ఈ హాల్లో ఒక్క రాత్రి ఉన్న ప్రతి మనిషీ మా ఇన్ పేషెంటే. మాకు ఇంకో లెక్క ఎప్పుడూ లేదు" అన్నాడు డాక్టరు.

అలా అయితే వచ్చిన ప్రతి పదిమందిలో ఇద్దరు, ముగ్గురు చేరినట్టే తేలుతుందని నందిని చెప్పింది. డాక్టరు ముఖం వెలిగింది. అధికారి కోసం కాఫీ తెమ్మని వెనక నిలబడ్డ ఆయాకు చేయి ఊపాడు. ఆ ఆయా పద్మమ్మే.

ఆమె కాఫీకి పోలేదు. ముందుకు వచ్చింది.

"సార్, ఎమ్మిగనూరు సిద్ధప్ప చేరినాడా?"

"ఎవరు సిద్ధప్ప?"

"మూడేండ్ల కిందట. ఆ కిటికీ పక్క మంచం. రెండు రాత్రులున్యాడు. మూడోనాడు ఈడనే పోయినాడు. నేను ఆయన పెండ్లాన్ని."

డాక్టరు మొదటిసారి ఆమెను చూశాడు. రెండేళ్ళు తన కాళ్ళ కింద నేల తుడిచిన మనిషిని అప్పుడు చూశాడు. చూసి, కిటికీ వైపు చూశాడు, గోడ దగ్గర నిలబడ్డ గోవిందన్న వైపు చూశాడు. ఆయనకు అంతా గుర్తుకొచ్చిందని పద్మమ్మకు తెలిసిపోయింది. ఆ ముఖం రంగు మారడం ఆమె కళ్ళారా చూసింది. మూడేళ్ళ ఆకలి ఒక్కసారి తీరినట్టు ఉంది ఆమెకు.

"అది... ఆ కేసు వేరు" అన్నాడు.

"ఎట్లా వేరు?" అన్నాడు భీమరావు. "ఒక్క రాత్రి ఉంటే చేరినట్టే అని ఇప్పుడే అన్నారు. ఈయన చేరలేదంటే వీళ్ళెవరూ చేరనట్టే కదా."

కాదంటే పథకం పోతుంది. అవునంటే పోయిన సిద్ధప్ప లెక్కలోకి వస్తాడు, అతని వెనక ఆ మంచాల మీద పోయినవాళ్ళంతా వస్తారు. డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"చేరినాడు" అన్నాడు.

"గట్టిగా సెప్పు సార్. మా అత్తకు ఇనపడల్యా."

"చేరినాడమ్మా! సిద్ధప్ప మా ఆస్పత్రిలో చేరినాడు!"

పద్మమ్మ తిరిగి అత్త వైపు చూసింది. ఈ నిమిషం కోసం ఆమె బతికింది. తాయమ్మ తలవంచుకుంటే చూడాలి, ఏడిస్తే చూడాలి. ఏమనాలో, ఎలా దెప్పాలో బస్సుల్లో వస్తూ పోతూ వందసార్లు అనుకుంది.

తాయమ్మ తలవంచుకోలేదు. కుర్చీ పట్టుకుని లేచి, మోకాళ్ళు ఈడ్చుకుంటూ డాక్టరు ముందుకు వెళ్ళింది. కోడలి వైపు చూడనేలేదు.

"అయితే చేర్చుకున్యావు గదా నాయనా" అంది. "చేర్చుకున్నోళ్ళను ఇంటికి పంపిస్తారంట గదా. నా కొడుకును ఎప్పుడు పంపిస్తావు?"

భీమరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ముసలిది జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తూ నిలబడింది. కొంతసేపటికి నందిని వచ్చి ఆమెను పట్టుకుంది. పోయినవాళ్ళందరినీ కూడా కలిపి లెక్క కట్టమని భీమరావు అప్పుడు చెప్పాడు. ఆ లెక్కతో పథకం రాలేదు, గేటు పక్కన బోర్డు కూడా కొన్నాళ్ళకు దిగిపోయింది. ఆ సంగతులు తరువాత గోవిందన్న చెబితే తెలిశాయి. పద్మమ్మ మాత్రం ఆ రోజే చీపురు హాలు మధ్యలో పడేసి, అత్తను తీసుకుని బయటికి వచ్చేసింది.

రోడ్డు మీద ఎండగా ఉంది. తాయమ్మ కోడలి భుజం పట్టుకుని నడుస్తోంది. పద్మమ్మకు ఉన్నట్టుండి కళ్ళు నిండాయి. మొగుడు పోయాక అదే మొదటిసారి. తుడుచుకోలేదు.

"పద్మా" అంది తాయమ్మ. "నిన్ను శానా మాటలన్యా."

"అన్యావు."

"అవి మనసులో పెట్టుకోవద్దే."

"పెట్టుకున్యా అత్తా. తీసేది లేదు" అంది పద్మమ్మ. ముసలిదాని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కాలవ ఉంది, సూసి అడుగెయ్యి."